ఈగలకు వండిన గట్క

సైదమ్మకు అనుమానం ముక్కుతో మొదలైంది. సాయంత్రం కూతురు ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపే దగ్గరికి వచ్చి, చున్నీ అంచు పట్టుకుని వాసన చూసి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఏడికి పోయొస్తున్నవే?"

"ల్యాబుకమ్మా."

"ల్యాబుల కల్లు పోస్తరా?"

మంచం మీద నడుం వాల్చిన అంతయ్య లేచి కూర్చున్నాడు. "ఏదీ, ఇటు రా బిడ్డా. ఈతకల్లా, తాటికల్లా? వాసన మంచిగనే ఉన్నది."

సంతోషికి నవ్వాగలేదు. "అది ఈస్టు నాయినా. ఈగల మేతల కలుపుతం. రూమంత గదే వాసన."

"ఈగలకు మేతేంది?" అంది సైదమ్మ. "ఈగల్ని కొడతరు. మేపుతరా ఎవలన్న?"

మేపుతారు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ ఎక్కడానికి చాలా రోజులే పట్టింది.

అంతయ్య, సైదమ్మ దేవరకొండ అవతలి పల్లె నుంచి పెళ్ళైన కొత్తలో వచ్చినవాళ్ళు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో అంతయ్య హమాలీ. మార్కెట్ వెనక సందులో, నాగేశ్వరి గారింటి పైన రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. సంతోషి పాకడం నేర్చుకున్నది మామిడికాయలు మాగేసే గడ్డిలోనే అని సైదమ్మ ఇప్పటికీ చెబుతుంది. తర్వాత మార్కెట్ పెద్ద అంబర్‌పేట్ దాటి బాటసింగారానికి వెళ్ళిపోయింది. ఇల్లు మాత్రం కదల్లేదు. అంతయ్య ఒక పాత ట్రాలీ ఆటో కొన్నాడు. తెల్లారేసరికి అక్కడి పండ్లు తెచ్చి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ బండ్లవాళ్ళకు దింపడం ఇప్పుడాయన పని.

సంతోషి ఇంటర్‌లో బైపీసీ చదివింది. దిల్‌సుఖ్‌నగర్‌లో బైపీసీ చదివిన పిల్ల డాక్టరు కాకపోతే మరేమవుతుందో ఎవరికీ తెలియదు. డాక్టరు సీటు వచ్చే ర్యాంకు సంతోషికి రాలేదు. రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు లేచి దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రంలో చేరింది. చేరాక తెలిసింది, తనకు రోగాలకన్నా పురుగుల మీదే ఎక్కువ ఇష్టమని.

ఆ కాలేజీవాళ్ళు కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. జీవశాస్త్రం పిల్లలు రెండేళ్ళు చదివాక, ఇష్టమున్నవాళ్ళు ఏడాదిపాటు తరగతులు వదిలేసి ఏదైనా పరిశోధనశాలలో పని నేర్చుకోవచ్చు. ఆపైన తిరిగొచ్చి చివరి ఏడు చదవాలి. మొదటి మూడు నెలలయ్యాక ఒక సమీక్ష ఉంటుంది. దాంట్లో నిలిస్తే ఏడాదంతా అక్కడే. నిలవకపోతే మళ్ళీ తరగతిలో వెనక బెంచీ.

ఈ మాట విని ఇంటి ఓనరు నాగేశ్వరి గారు మెట్ల మీదే ఆగిపోయింది. "అయ్యో, డిగ్రీ ఏడాది ఆలస్యమైపోతుంది కదమ్మా! ఈగలు పెంచడానికా? మా ఇంట్లో అయితే ఒప్పుకోం."

జవాబు అంతయ్య చెప్పాడు. "కాయకు మందు గొట్టి మాగబెడితే రెండొద్దులకే పచ్చగైతదమ్మా. గడ్డిల పెడితే లేటైతది. తియ్యగుండేది మటుకు గడ్డిలదే."

నాగేశ్వరి గారు తలూపి మెట్లు దిగిపోయింది. ఆ సాయంత్రమే గడ్డిలో మాగిన మామిడిపండ్లు నాలుగు ఆమె గుమ్మం ముందు పెట్టి వచ్చాడు అంతయ్య. మాట గెలిచాక పండు పెట్టడం ఆయన పద్ధతి.

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక సాగర్ రోడ్డు వైపు ఒక రెండంతస్తుల భవనంలో ఉంది ఆ పరిశోధనశాల. ఈగల విభాగం పెద్ద సూర్యప్రభ మేడమ్. పొట్టిగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది, చెప్పింది రెండోసారి చెప్పదు. ఎంపిక రోజు సంతోషిని ఒకటే అడిగింది: "పండ్ల మీద ముసిరే ఈగల్ని ఎప్పుడైనా సరిగ్గా చూశావా?"

"చూడకుండ ఎట్లుంటం మేడమ్. మా ఇంట్ల పండ్లకన్నా అవే ఎక్కువుంటయ్."

మేడమ్ నవ్వలేదు గానీ పేరు రాసుకుంది.

సంతోషికి ఇచ్చిన ప్రశ్న సులువుగానే కనిపించింది. ల్యాబులో ఈగలు తరతరాలుగా చల్లటి పెట్టెలో పెరిగినవి. బజారు ఈగలు ఎండలో పుట్టి ఎండలో పెరిగినవి. వేడికి ఎవరు ఎక్కువ తట్టుకుంటారు? అయితే తెచ్చిన వెంటనే ఎండలో పెట్టి చూస్తే కుదరదు. బజారు ఈగల్ని కూడా కొన్ని తరాలపాటు ల్యాబులోనే, అదే చల్లదనంలో, అదే మేత పెట్టి పెంచాలి. రెండు రకాలకూ అన్నీ సమానం చేశాక పరీక్షిస్తేనే తేడా పుట్టుకతో వచ్చిందా, పెంపకంతో వచ్చిందా తెలుస్తుంది.

"మరి బజారు ఈగలు ఎక్కడ దొరుకుతాయో నీకు నేను చెప్పక్కర్లేదు కదా," అంది మేడమ్.

మామిడిపండ్ల కాలం. మర్నాడు పొద్దున్నే సంతోషి నాలుగు సీసాల్లో అరటిపండు ముక్కలు వేసుకుని, కాగితం గరాటాలు పట్టుకుని, తండ్రి ట్రాలీ ఎక్కి బాటసింగారం వెళ్ళింది. పండ్ల గుట్టల మధ్య సీసాలు పెట్టి గొంతుక్కూర్చుంటే చుట్టూ జనం మూగారు.

"అంతన్నా, బిడ్డె ఏం కొంటదట?"

"కొనదు. ఈగల్ని పడతదట."

"ఎన్ని గంపలు గావాలె? తోల్కపొమ్మను. దించే కూలి గూడ మేమే ఇస్తం!"

సంతోషి సిగ్గుపడలేదు. సీసాలు నిండాక మూతి దూదితో బిగించి ఒళ్ళో పెట్టుకుంది. అంతయ్య ఆ రోజు గుంతల దగ్గర ట్రాలీని పెళ్ళికూతుర్ని తీసుకుపోతున్నట్టు నడిపాడు. ఎన్నో ఏళ్ళు పండ్ల మీదనుంచి ఆయన తోలిన ఈగలు, మొదటిసారి ఆయన బండిలో మర్యాదగా కూర్చుని ప్రయాణం చేశాయి.

ల్యాబులో సంతోషికి పని నేర్పింది తన్మయి. పీహెచ్‌డీ చేస్తోంది. తణుకు వాళ్ళు, నాన్న ఉద్యోగరీత్యా వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. ఎర్రటి కళ్ళ ఈగను మైక్రోస్కోపు కింద చూపించి, వెనక భాగం నల్లగా ఉంటే మగది, చారలుంటే ఆడది అని చెప్పింది. వరుసలు వరుసలుగా ఉన్న గాజు గొట్టాల్ని చూపించి అంది: "ఇదంతా లేడీస్ అండ్ జెంట్స్ హాస్టల్ అనుకో. నేను వార్డెన్ని. మెస్సు మాత్రం ఇకనుంచి నీది."

మెస్సు అంటే ఈగల వంట. మక్కపిండి, అంటే మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, గట్టిపడటానికి సముద్రపు నాచు నుంచి తీసే పొడి కొంచెం, చివర్లో బూజు పట్టకుండా ఒక మందు చుక్క. అన్నీ పెద్ద గిన్నెలో ఉడికించి గొట్టాల్లో పోస్తే చల్లారి గడ్డకడుతుంది. ఈగలు దానిమీదే గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి వచ్చిన తెల్లటి పురుగులు దాన్నే తిని పెరుగుతాయి. ఒక వారం తిని, గాజు గోడ ఎక్కి, గోధుమరంగు గూడు కట్టుకుని, అందులోంచి మళ్ళీ ఈగలై వస్తాయి.

తన్మయి వండితే ఉండలు కట్టేది. సంతోషి మొదటి రోజే గరిటె అందుకుంది. "అక్కా, ఇది గట్క. మా అమ్మ రోజూ జేస్తది. ఒక చేత్తోని పిండి జల్లుకుంట ఇంకో చేత్తోని తిప్పాలె."

"అయ్యబాబోయ్, ఎంత నున్నగా వచ్చిందే! నీ చేతి వంటకి మా ఈగలు లావెక్కిపోయేలా ఉన్నాయి."

వంటగది గోడ మీద మేడమ్ చేత్తో రాసి అంటించిన కాగితం ఒకటుండేది: ఏది మార్చినా ముందు చెప్పాలి. సంతోషి రోజూ దానికెదురుగానే నిలబడి గరిటె తిప్పేది. రోజూ చూసే కాగితాన్ని ఎవరు చదువుతారు?

బోనాలు వచ్చాయి. సరిగ్గా ఆ ఆదివారం ముందురోజే ల్యాబులో మక్కపిండి అయిపోయింది. తన్మయి అమ్మమ్మకు కంటి ఆపరేషనని తణుకు వెళ్ళింది. ఎప్పుడూ పిండి తెచ్చే కొట్టు మూసేశారు. బజారు ఈగల కొత్త తరానికి మేత వండాల్సిన సమయమది. ఆగడానికి లేదు.

'మనింట్ల మక్కలుండంగ పరేషానెందుకు?' అనుకుంది సంతోషి. ఊళ్ళో బాబాయి పండించి పంపిన మక్కలు, డబ్బా నిండా ఉన్నాయి. కొట్టు పిండికన్నా అవే నయం. ఈ మాట మేడమ్‌కు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. మక్కపిండి బదులు మక్కపిండి. ఇందులో మార్చిందేముంది?

ఇంటికొచ్చేసరికి సందంతా డప్పుల మోత. సైదమ్మ బోనం కుండకు పసుపు రాస్తూ కూర్చుంది. పిండి గిర్ని మూసే వేళైందని సంతోషి హడావుడిగా డబ్బా వంచి మక్కల్ని సంచిలో పోసింది. అందులో ఎండిన ఆకులు కనిపిస్తే పెద్దవాటిని నాలుగు ఏరి పారేసింది.

"ఇంట్లకు గూడ జర పట్టియ్యి," అంది సైదమ్మ లోపల్నుంచి. "చెరిగినవా?"

"ఆఁ ఆఁ," అంటూనే సంతోషి మెట్లు దిగేసింది.

ఆ సాయంత్రమే ల్యాబుకు పోయి వండింది. గట్క బాగానే కుదిరింది. రంగు మాత్రం ఎప్పటికన్నా కాస్త మబ్బుగా ఉంది. పల్లెటూరి మక్కలు కదా, పొట్టుతో మరాడించింది కదా అనుకుంది. బజారు ఈగలకూ ల్యాబు ఈగలకూ ఆ మేతే పోసింది. మర్నాడు, పట్టుచీర కట్టుకుని బోనమెత్తిన తల్లి వెనక వేపకొమ్మ పట్టుకుని నడిచింది.

వారం గడిచింది. గుడ్లలోంచి పురుగులు వచ్చాయి. తింటున్నాయి, మెదులుతున్నాయి. పెరగడం మాత్రం లేదు. గోడ ఎక్కాల్సిన రోజు వచ్చింది. ఒక్కటీ ఎక్కలేదు. ఇంకో రెండు రోజులు చూసింది. సన్నటి దారప్పోగుల్లాంటి పురుగులు అలాగే అడుగున తిరుగుతూ, కొన్ని నల్లబడి చచ్చిపోతూ ఉన్నాయి.

తణుకు నుంచి తిరిగొచ్చిన తన్మయి గొట్టాల్ని వెలుగుకు పెట్టి చూసి పెదవి విరిచింది. "ఇంక్యుబేటర్ పనే ఇది. వేసవిలో కూడా ఓసారి ఇలాగే ఏడిపించింది."

ఇంక్యుబేటర్ అంటే ఈగల గొట్టాలుండే చల్లటి పెట్టె. చూడటానికి ఫ్రిజ్‌లా ఉంటుంది. దాన్ని బాగుచేసేది సాయికుమార్ అనే మెకానిక్. అతను వచ్చాడు, వెనక పలక విప్పాడు, చూశాడు, బిగించాడు. "మంచిగనే ఉన్నది మేడమ్." మర్నాడు మళ్ళీ పిలిచారు. మళ్ళీ విప్పాడు. "ఒట్టు మేడమ్, దీనికే రోగం లేదు." మూడోసారి పిలిచినప్పుడు సూర్యప్రభ మేడమ్ తన మెల్లని గొంతుతోనే అంది: "సాయికుమార్, ఈ వారంలో బాగుచేయలేకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం."

సమీక్ష ఇంకో రెండు వారాల్లో ఉంది. సంతోషి చేతిలో చూపించడానికి చచ్చిన పురుగులు తప్ప ఏమీ లేవు. మెట్రోలో కూర్చుంటే కిటికీలోంచి కాలేజీ బోర్డు కనిపించేది. మొదట్లో ఆ బోర్డు చూసి చెయ్యి ఊపేది. ఇప్పుడు తల తిప్పుకుంటోంది. మళ్ళీ ఆ వెనక బెంచీకి పోతే నాగేశ్వరి ఆంటీ ఏమంటుందన్నది చిన్న సంగతి. ఆ గాజు గొట్టాలు, ఆ ఎర్ర కళ్ళు, ఆ కల్లు వాసన, అవన్నీ పోతాయన్నదే ఆమె బెంగ.

ఆ ఆదివారం సైదమ్మ మక్కరొట్టెలు చేసింది. కూతురి మొహం వాడిపోయిందని టమాటతొక్కు కూడా నూరింది. అంతయ్య మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, పెళ్ళాం వైపు చూశాడు.

"ఏమే, నాకు షుగరున్నదని ఎవలన్న చెప్పిన్రా నీకు?"

"నీకు షుగరెక్కడిది?"

"మరి గింత చేదు రొట్టె ఎందుకు వెడుతున్నవ్?"

సైదమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. వెంటనే కిటికీ దగ్గరికి పోయి ఉమ్మింది. పిండి డబ్బా మూత తీసి, పిడికెడు పిండి అరచేతిలో వేసుకుని వేలితో రుద్దింది. పచ్చటి నలుసులు.

"సంతోషీ! మక్కలు చెరిగినవా, లేదా?"

సంతోషి చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. ఎండిన ఆకులు. పెద్దవి నాలుగు ఏరి పారేసింది. చిన్నవి, పొడైనవి? వాటిని తీయడానికే చేట ఉన్నది.

"అమ్మా, అవి ఏమాకులు?"

"యాపాకు. ఇంకేమాకు? పోయినేడు డబ్బంత పురుగు పట్టలేదా, గందుకే ఈసారి దండిగ ఏసిన. ఎప్పుడైన గింజలు చెరిగినంకనే గదనే గిర్నికి పంపేది."

"ఎందుకేస్తవ్ యాపాకు?" తెలిసే అడిగింది. తల్లి నోటి నుంచి వినాలనిపించింది.

"పురుగులు పెరగొద్దని!"

సంతోషి చిన్న గొంతుతో అంది: "గదే పిండి నా ఈగలకు పెట్టిన."

మొదట అంతయ్యకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన నవ్వు మొదలైంది. పురుగులు పెరగకూడదని తల్లి వేపాకు వేసింది, పురుగులు పెరగడం లేదని బిడ్డ ఏడుస్తోంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని కూతురి మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"మేడమ్‌కు తెల్సా?"

"తెల్వది. మిషన్ ఖరాబైందనుకుంటున్రు."

"నేనొస్త," అంది సైదమ్మ కొంగు సర్దుకుంటూ. "మీ మేడమ్‌కు నేనే జెప్త. యాపాకేసింది నేను, పిల్లదేం తప్పు లేదని మొక్కుత."

"ఒద్దమ్మా. నువ్వు చెరిగినవా అని అడిగినవ్. నేను ఆఁ అన్న."

ఆ రోజంతా సంతోషి మనసు రెండుగా చీలి కొట్టుకుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మిషన్ మీద నెపం ఉంది, అది అక్కడే ఉంటుంది. సమీక్షలో ఇంక్యుబేటర్ పాడైందంటే ఎవరైనా జాలిపడతారు. చెబితే, మూడు నెలల్లో గోడ మీది ఒక్క వాక్యం కూడా చదవలేని పిల్ల అంటారు.

మర్నాడు ల్యాబు మెట్ల మీద సాయికుమార్ కూర్చుని ఉన్నాడు. పక్కన పనిముట్ల సంచి. సంతోషిని చూసి లేచాడు.

"సిస్టర్, జర నువ్వన్న చెప్పరాదు? నిన్న సెలవు దినం గూడ వచ్చి, పెట్టెల థర్మామీటర్ పెట్టి ముందలనే కూసున్న. ఒక్క డిగ్రీ అటు ఇటు కాలే. ఇగ దానికేం రిపేరు జెయ్యాలె నేను? ఉన్నదాన్నే ఖరాబ్ జేసి మళ్ళ బాగుచెయ్యాల్నా?"

సంతోషి ఇంక ఆగలేదు. "మిషన్‌కు ఏం గాలేదన్నా. నువ్వు టీ తాగి రాపో. నేను మాట్లాడ్త," అని లోపలికి నడిచింది.

మేడమ్ గదిలో తన్మయి కూడా ఉంది. సంతోషి కూర్చోకుండానే అంతా చెప్పేసింది. పిండి అయిపోవడం, ఇంటి మక్కలు, చెరగకపోవడం, వేపాకు. "మిషన్ తప్పు గాదు మేడమ్. నాది."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వేపాకే కారణమని నీకెలా తెలుసు?"

"మా నాయినకు రొట్టె చేదైంది మేడమ్."

తన్మయి అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టింది. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

"మీ నాన్నగారి నాలుకను నేను రిపోర్టులో రాయలేనమ్మా," అంది మేడమ్. "నిన్నటిదాకా మిషన్ అన్నాం. రుజువు లేకుండానే అన్నాం, ఆ తప్పు నాది. ఇవాళ నువ్వు వేపాకంటున్నావు. దానికీ రుజువు లేదు. ఒక ఊహ తీసేసి ఇంకో ఊహ పెడితే సరిపోతుందా?"

"లేదు మేడమ్."

"పిండి మార్చి చెప్పలేదు. సమీక్షలో ఆ మాట నేను దాచను. కానీ సమీక్షకు ఇంకా పది పన్నెండు రోజులుంది. ఈలోపు ఏం చేయగలవో చూడు."

అప్పుడు గుర్తొచ్చింది సంతోషికి. పురుగులు పోయాయి గానీ, గుడ్లు పెట్టిన పెద్ద ఈగలు ఇంకా కొన్ని బతికే ఉన్నాయి, మూలన పాత సీసాల్లో, ఓపిక లేనట్టు నడుస్తూ. ఆ మధ్యాహ్నమే వాటిని ఒక్కొక్కటిగా తీసి, మాగిన అరటిపండు పెట్టిన కొత్త సీసాల్లోకి మార్చింది. పండు అంతయ్య ట్రాలీలోంచి వచ్చింది. రెండు రోజులు తిన్నాక ఈగలకు ప్రాణం లేచొచ్చింది. తన్మయి సీసా చెవి దగ్గర పెట్టుకుని, "హాస్టల్లో మళ్ళీ గోల మొదలైంది," అంది.

ఈసారి సంతోషి మూడు గిన్నెల్లో వండింది. ఒకదాంట్లో కొట్టు పిండి. ఒకదాంట్లో ఇంటి మక్కలు శుభ్రంగా చెరిగి పట్టించిన పిండి. మూడోదాంట్లో అవే మక్కలు చెరగకుండా పట్టించిన పిండి. మిగతావన్నీ సమానం. గిన్నె పొయ్యి మీద పెట్టేముందు మూడింటి సంగతీ మేడమ్‌కు చెప్పి వచ్చింది.

చెరిగే పని సైదమ్మ తీసుకుంది. గుమ్మంలో చేట పట్టుకుని కూర్చుని, పెళ్ళి బియ్యానికి కూడా చేయనంత శ్రద్ధగా చెరిగింది. దారిన పోతూ నాగేశ్వరి గారు ఆగింది. "ఏంటి సైదమ్మా, ఎవరికి ఇంత మర్యాద?"

"ఈగలకమ్మా," అంది సైదమ్మ తల ఎత్తకుండా. "ఒక్కాకు దొరికినా మీ పిల్లకు నేర్పలేదా అంటరు నన్ను."

"పోనీ నేనూ ఒక చెయ్యి వేయనా?" అని నాగేశ్వరి గారు కొంగు బిగించి మెట్టు మీద చతికిలబడింది. ఈగల పెంపకానికి ఒప్పుకోనన్న మనిషి, అరగంటపాటు వాటి భోజనంలో రాళ్ళేరింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఇంట్లో ఒకటే ప్రశ్న. సంతోషి చెప్పులు విడవకముందే సైదమ్మ వాసన చూడటం మానేసి అడిగేది: "పిల్లలు పెద్దగైనయా?"

"ఇంక లేదమ్మా."

"మంచిగ తింటున్నయా?"

"తింటున్నయ్."

సమీక్ష రోజు కాలేజీ నుంచి ప్రిన్సిపాల్, బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. జుట్టంతా తెల్లగా, చొక్కా జేబులో రెండు పెన్నులతో ఉన్నాడాయన. సంతోషి గొట్టాల్ని మూడు వరుసల్లో పెట్టింది. మొదటి రెండు వరుసల్లో గాజు గోడల నిండా గోధుమరంగు గూళ్ళు, గోధుమ గింజలు అతికించినట్టు. మూడో వరుసలో గోడలు ఖాళీ. అడుగున అవే సన్నటి దారప్పోగులు.

సూర్యప్రభ మేడమ్ అన్నట్టే దాచలేదు. పిండి మార్చి చెప్పని సంగతి మొదటి మాటగానే చెప్పింది. ఆ పైన, ఎవరూ పట్టుకోకముందే పిల్ల తనే వచ్చి చెప్పిందన్నది కూడా చెప్పి కూర్చుంది.

పెద్దాయన మూడో వరుసలోంచి ఒక గొట్టం తీసి వెలుగుకు పట్టి చూశాడు. "వేప పురుగుల్ని ఎదగనివ్వదన్నది కొత్త సంగతేం కాదు కదమ్మా. ఎప్పటినుంచో అందరికీ తెలిసిందే."

"అవును సార్. మా అమ్మకు గూడ తెల్సు. నాకే తెల్వలే."

ప్రిన్సిపాల్ నవ్వాపుకోలేకపోయాడు. పెద్దాయన మాత్రం గొట్టం దించలేదు. "మరి నువ్వు తెలుసుకున్నదేమిటి?"

సంతోషికి రాత్రంతా బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యాలు ఒక్కటీ గుర్తురాలేదు. "నా ఈగలు ఏం తిన్నయో నాకే తెల్వకుంటే, రేపు అవి ఎండకు చచ్చినయా, తిండికి చచ్చినయా నేను చెప్పలేను సార్. తెల్వకుండనే, ఎండకే అని రాసేద్దును. అందరు నమ్ముదురు."

పెద్దాయన గొట్టాన్ని జాగ్రత్తగా దాని చోట పెట్టాడు. ముగ్గురూ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. బయట వరండాలో సంతోషి పక్కన తన్మయి, ఆ పక్కన ఏదో పనున్నట్టు వచ్చి నిలబడ్డ సాయికుమార్.

తలుపు తీసి మేడమ్ ఒక్కతే వచ్చింది. "మొత్తం మొదటినుంచి పెంచాలి. దసరా సెలవులు నీకు లేవు. ఏడాది పూర్తయ్యేదాకా మెస్సు కూడా నీదే."

తన్మయి ఎగిరి కౌగిలించుకుంటే గానీ, ఉంచేశారన్న సంగతి సంతోషికి ఎక్కలేదు. మేడమ్ అప్పటికే సాయికుమార్ వైపు తిరిగింది. "సాయికుమార్, మీ మిషన్ బాగానే ఉంది. నేనే తొందరపడ్డాను."

"పర్వాలేదు మేడమ్," అన్నాడతను ఛాతీ ఉబ్బించి. "ఇప్పుడు దాంట్ల ప్రతి నట్టు నాకు పేరు వెట్టి పిలిచేంత తెల్సు."

ఇప్పుడు బజారు ఈగలు మళ్ళీ కొత్త తరాలు పెంచుకుంటున్నాయి. వేడి పరీక్ష మొదలు కావడానికి ఇంకా టైముంది. ఎవరు గెలుస్తారో మేడమ్‌కూ తెలియదు, తన్మయికీ తెలియదు. అంతయ్యకు మాత్రం సందేహమే లేదు. "మన బాటసింగారపోళ్ళే," అంటాడు. "ఎండల పనిజేసి పెరిగినోళ్ళు. ఏసీల పడుకున్నోళ్ళతోని పోటా?" ముందే తేల్చుకోవద్దని సంతోషి చెబితే, "నువ్వు తేల్చకు బిడ్డా, నేను తేల్చుకుంటా," అంటాడు.

ఇంట్లో మక్కలకు ఇప్పుడు రెండు డబ్బాలు. ఒకటి మనుషులది, దాంట్లో వేపాకుంటుంది. రెండోది ఈగలది. కొట్టు పిండి మళ్ళీ ఎప్పుడైనా అయిపోతే అక్కరకొస్తాయని, మేడమ్‌ను అడిగే పెట్టించింది సంతోషి. దాంట్లో ఒక్క ఆకు కూడా వేయకూడదని తల్లిచేత ఒట్టు వేయించుకుంది.

మొన్న పొద్దున సంతోషి మెట్రోకు టైమైందని చెప్పులేసుకుంటుంటే, సైదమ్మ ఈగల డబ్బా ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. మూత తీసి కూతురి మొహం ముందు పెట్టింది. మక్కల మధ్య నల్లటి ముక్కపురుగులు హాయిగా నడుస్తున్నాయి.

"ఇగో, సూడు! ఆకెయ్యొద్దంటివి. పురుగులు పడ్డయ్. ఇప్పుడు ఏం జెయ్యాల్నో నువ్వే జెప్పు. ఎండల ఆరబొయ్యాల్నా, పారబొయ్యాల్నా?"

సంతోషి డబ్బాలోకి చూసింది. ఒక పురుగును వేలి మీదికి ఎక్కించుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఫోను తీసింది.

"ఆగమ్మా. నువ్వేం జెయ్యకు. ముందుగాల మేడమ్‌కు చెప్పాలె."